కొత్త బండి కొందాం – ‘ఆన్’ ఇవ్వకుండా కొందాం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈసారి కార్యదర్శి గారు నన్ను బండ్ల కొనుగోలు గురించి చెప్పమన్నారు. “మన సభ్యుల్లో ఏటా పదిమందైనా ఇంట్లోకి స్కూటరో, కారో కొంటున్నారు. ప్రతివాళ్ళూ అసలు ధర కన్నా ఎంతో కొంత ఎక్కువే ఇచ్చి వస్తున్నారు. మీరు ఖజానా శాఖలో బిల్లులు చూసినవారు, ఆ బిల్లు ఎలా చూడాలో చెప్పండి” అన్నారు. నేను మెకానిక్కును కాను, లాయరునూ కాను. ముప్పై అయిదేళ్ళు ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టిన మనిషిని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా ఒక మాట. పెన్షనరు బండి కొనే డబ్బు ఎక్కడిది? గ్రాట్యుటీ, కమ్యుటేషన్, లీవు ఎన్‌క్యాష్‌మెంటు. అవి మళ్ళీ రావు. ఉద్యోగంలో వున్నవాడు పదివేలు పోగొట్టుకుంటే వచ్చే ఇంక్రిమెంటులో సర్దుకుంటాడు. మనకు ఆ పదివేలు అంటే కొన్ని నెలల మందుల ఖర్చు. అందుచేత ఇది చిన్న విషయం కాదని మనవి.

‘ఆన్’ అనే మాట మన తరానికి కొత్త కాదు. 1960లో కేంద్ర ప్రభుత్వం స్కూటర్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ధర నిర్ణయమై వుండేది. డీలరు రిజిస్టరు పెట్టి, బుక్ చేసుకున్న వరుసలో బండి ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కాని కంపెనీ ఎన్ని బండ్లు తయారు చేయాలో లైసెన్సు చెప్పేది, కొనేవాళ్ళేమో అంతకు ఎన్నో రెట్లు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం పదేళ్ళ దాకా ఎదురుచూసినవాళ్ళు వున్నారు. విదేశీ మారకంలో డబ్బు కడితే ముందుగా ఇచ్చే ఏర్పాటు కూడా వుండేది కనుక, దుబాయిలోనో, అమెరికాలోనో చుట్టం వున్నవాడు అదృష్టవంతుడు. వాడిన స్కూటరు కొత్త స్కూటరు కన్నా ఎక్కువ ధర పలికిన విచిత్ర కాలం అది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడూ అంతే. కారు తయారు కాకముందే లక్షకు పైగా బుకింగులు వచ్చాయి. వంతు వచ్చినవాడు కారు తీసుకోకుండా ఆ వంతునే అమ్ముకున్న ఉదంతాలు మనలో చాలామంది విన్నవే.

1991లో ద్విచక్ర వాహనాలకు, 1993లో కార్లకు లైసెన్సుల విధానం పోయింది. కంపెనీలు పెరిగాయి. ఇక ‘ఆన్’ కథ ముగిసిందని అందరం అనుకున్నాం. కాని ముగియలేదు. 2022 జూలై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిస్తే అరగంటలో లక్ష వచ్చాయి. 2024 అక్టోబరు 3న అదే కంపెనీ థార్ రాక్స్‌కు మొదటి గంటలో 1,76,218 బుకింగులు వచ్చినట్లు కంపెనీయే ప్రకటించింది. టొయోటా ఇన్నోవా హైక్రాస్ పై రకాలకు తాకిడి తట్టుకోలేక 2023 ఏప్రిల్లో బుకింగులే ఆపేశారు. లైసెన్సులు లేకపోయినా, జనం ఒక్కసారిగా ఒకే బండి మీద పడితే వరుస తప్పదు. వరుస వున్నచోట దాన్ని దాటించి డబ్బు చేసుకునేవాడూ తప్పడు.

అయితే ఈనాటి ‘ఆన్’ వేషం మార్చింది. ఎవరూ ‘ఆన్ ఇవ్వండి’ అని అడగరు. కొటేషన్‌లో మర్యాదైన పేర్లతో నాలుగైదు వరుసలు చేరతాయి. కాబట్టి ఆ కాగితాన్ని మన పాత అలవాటు ప్రకారం ఒక్కొక్క పద్దుగా చూద్దాం.

ఏవి న్యాయమైన పద్దులు? మొదటిది ఎక్స్-షోరూం ధర. ఇందులో జి.ఎస్.టి. కలిసే వుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు ద్విచక్ర వాహనాల మీద ఈ పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్లకు మించని చిన్న కార్లకు, అంటే పెట్రోలు అయితే 1200 సి.సి. వరకు, డీజిలు అయితే 1500 సి.సి. వరకు, అదే 18 శాతం. కనుక పాత ధరల పట్టిక చూపిస్తే ఒప్పుకోవద్దు. రెండోది రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే జీవితకాల పన్ను. మూడోది రిజిస్ట్రేషన్ ఫీజు. కేంద్ర నిబంధనల ప్రకారం ఇది మోటారు సైకిలుకు రూ. 300, సొంత కారుకు రూ. 600. దీని మీద కార్డుకు, సర్వీసుకు కొద్ది మొత్తం వుండవచ్చు. ‘రిజిస్ట్రేషన్ ఖర్చులు’ అని వేలల్లో ఒకే అంకె వేస్తే, పన్ను ఎంత, ఫీజు ఎంత అని విడదీసి రాయమనండి. నాలుగోది బీమా. అయిదోది కారు అయితే ఫాస్టాగ్. ఆరోది, బండి ధర పది లక్షలు దాటితే ఒక శాతం టి.సి.ఎస్. ఇది డీలరు మన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు జమ చేసే మొత్తం. ఇక్కడ పెన్షనర్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది పోయిన డబ్బు కాదు. రిటర్ను దాఖలు చేస్తే మనం కట్టాల్సిన పన్నులో మినహాయిస్తారు, పన్ను పడకపోతే వాపసు ఇస్తారు. పన్ను పడని మిత్రులు ‘మాకెందుకు రిటర్ను’ అని ఊరుకుంటే పన్నెండు లక్షల కారు మీద పన్నెండు వేలు వదులుకున్నట్లే.

ఇక అనుమానించవలసిన పద్దులు. ‘హ్యాండ్లింగ్ చార్జీలు’, ‘లాజిస్టిక్స్’, ‘ఫైలు ఖర్చు’ అనే పేర్లతో వచ్చేవి ఏ ప్రభుత్వానికీ వెళ్ళే పన్నులు కావు. కంపెనీ నుంచి షోరూముకు బండి తెచ్చుకోవడం, దాన్ని కడిగి తుడిచి మనకు అప్పగించడం అమ్మేవాడి పని. దానికి వేరే కూలి ఏమిటి? రెండోది ‘యాక్సెసరీస్ ప్యాకేజీ’. సీటు కవరు, మ్యాటు, గార్డు, పైపూత అన్నీ కలిపి కట్టకట్టి, ఇది తీసుకుంటేనే బండి అంటారు. మూడోది ‘మా దగ్గర బీమా చేయిస్తేనే డెలివరీ’ అనడం. నాలుగోది ‘మా బ్యాంకు లోను తీసుకుంటే వెంటనే ఇస్తాం, రొక్కం కడితే స్టాకు లేదు’ అనడం.

ఈ చివరి మూడింటికీ చట్టంలో పేరుంది. ఒక వస్తువు అమ్మడానికి ఇంకో వస్తువో, సేవో కొనాలని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా చెప్పింది. మనకు కావాలని మనం అడిగి కొంటే అది వ్యాపారం. షరతు పెట్టి అంటగడితే అది ఫిర్యాదుకు తగిన విషయం. మాట్లాడేటప్పుడు కోపం అక్కరలేదు, ఈ తేడా తెలిస్తే చాలు.

బీమా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళకు, కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ళకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి. ఈ భాగం ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఎక్కడ కొన్నా ఒకటే. మన బండికి జరిగే నష్టానికి చేసే భాగం, దాని మీద అదనపు రక్షణల ధర మాత్రం కంపెనీని బట్టి మారతాయి. తేడా అంతా అక్కడే వుంటుంది. బయట కొన్న బీమాకు క్యాష్‌లెస్ రాదని భయపెడతారు. ఆ సౌకర్యం షోరూం ఇచ్చేది కాదు. ఆ బీమా కంపెనీ ఒప్పందం చేసుకున్న వర్కుషాపుల జాబితాలో మనకు దగ్గరది వుందో లేదో ముందే చూసుకుంటే సరిపోతుంది.

స్కూటరు కొనేవారికి ఇంకో సంగతి. కొత్త ద్విచక్ర వాహనంతో పాటు తయారీదారు ప్రమాణాలకు తగిన హెల్మెట్ సరఫరా చేయాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. కాబట్టి హెల్మెట్‌కు వేరే పద్దు కనిపిస్తే, ఆ నిబంధన పేరు చెప్పి అడగండి.

ఇప్పుడు కొనే పద్ధతి చెబుతాను. మొదట ఏ రోజూ డబ్బు పట్టుకుని షోరూముకు వెళ్ళవద్దు. కంపెనీ ప్రకటించిన ధర మీ పిల్లల చేత ఫోనులో చూపించుకుని, కాగితం మీద రాసుకోండి. తర్వాత మూడు కొటేషన్లు తెచ్చుకోండి. ఆమదాలవలసలో వున్నవాళ్ళకు శ్రీకాకుళం దగ్గరే. విజయనగరం, విశాఖపట్నం రైలెక్కితే పూటలో వెళ్ళి రావచ్చు, ఫోనులోనూ తెప్పించుకోవచ్చు. విశాఖలో కొన్నా మన శ్రీకాకుళం జిల్లా చిరునామా మీదే రిజిస్ట్రేషన్ జరుగుతుంది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం అదే రాష్ట్రంలో రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు చేయవలసింది డీలరే. పర్లాకిమిడి దగ్గర కదా, అక్కడ తక్కువకు వస్తుందేమో అని కొందరు అడిగారు. అది ఒడిశా. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకుని, ఇక్కడి పన్ను ఇక్కడే కట్టి, తిరుగుడంతా మనమే తిరగాలి. ఆ శ్రమకు తగిన లాభం వుంటే తప్ప వద్దు.

మన సభ్యుల్లో మాజీ సైనికులు చాలామంది వున్నారు. వారు ఏ షోరూముకైనా వెళ్ళేముందు సి.ఎస్.డి. క్యాంటీను ధర అడగాలి. కార్లు, స్కూటర్లు కూడా ఆ దారిలో దొరుకుతాయి. అర్హత, ఎన్నేళ్ళకు ఒకసారి అనే నిబంధనలు మారుతుంటాయి కనుక క్యాంటీనులోనే కనుక్కోవాలి.

రెండోది బుకింగు. డబ్బు డీలరు సంస్థ ఖాతాకే వెళ్ళాలి, సేల్స్‌మన్ సొంత ఫోను నంబరుకు కాదు. రశీదులో మోడలు, రకం, రంగు, తేదీ, బుకింగు నంబరు, రద్దు చేసుకుంటే డబ్బు ఎలా వాపసు ఇస్తారో వుండాలి. వాపసు షరతు స్పష్టంగా వుంటే రెండుచోట్ల బుక్ చేసినా నష్టం లేదు, ముందు వచ్చింది తీసుకుని రెండోది రద్దు చేసుకోవచ్చు. ఇంకో మాట. బుకింగు చేసినంత మాత్రాన ధర ఆగిపోదు. సాధారణంగా డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది. బుకింగు ఫారం వెనక సన్నని అక్షరాల్లో వుంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

మూడోది, మన తొందర అవతలివాడికి తెలియనివ్వకండి. దసరాకి కావాలి, ధనత్రయోదశికి కావాలి, ఫలానా తేదీన పెళ్ళి అని ముందే చెప్పినవాడికి బేరం వుండదు. ముహూర్తం కొనడానికి కాకపోయినా పూజకు పెట్టుకోవచ్చు. బండి ముందు తెచ్చుకుని పండుగ రోజున పూజ చేయించుకుంటే అమ్మవారు కాదనదు. రంగు విషయంలో, రకం విషయంలో కొంచెం సర్దుకోగలిగితే నెలల నిరీక్షణ వారాల్లోకి రావచ్చు. సంవత్సరం చివర తగ్గింపు ఇస్తామంటే తీసుకోండి. కాని ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం చూడండి. తిరిగి అమ్మేటప్పుడు ఆ సంవత్సరమే లెక్కకు వస్తుంది.

మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా పొరుగాయన రిటైరయిన ఉపాధ్యాయుడు. వాళ్ళమ్మాయి నర్సు, శ్రీకాకుళం వెళ్ళి రావడానికి స్కూటరు కావాలి. కొటేషన్ పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. హ్యాండ్లింగ్ రూ. 2,500, యాక్సెసరీస్ రూ. 4,800, బీమా బయటకన్నా రూ. 1,700 ఎక్కువ. మొత్తం రూ. 9,000. ఇద్దరం వెళ్ళాం. ఆ కుర్రాడు మర్యాదగానే, “అందరూ ఇస్తున్నారు మాస్టారూ, ఈ మోడలుకి డిమాండ్ వుంది” అన్నాడు. “ఇవ్వనని అనడం లేదు బాబూ. ఈ మూడూ ఎందుకో ఒక్కొక్కదాని పక్కన రాసి, షోరూం ముద్ర వేసి ఇవ్వు. రేపే కట్టేస్తాం” అన్నాను. లోపలికి వెళ్ళి వచ్చాడు. హ్యాండ్లింగ్ తీసేశారు, బీమా మీ ఇష్టం అన్నారు. యాక్సెసరీస్ మాత్రం తప్పదన్నారు. బయటకు వచ్చాక మాస్టారి బావమరిది, “ఏటి బావా, అయిదువేలకి ఏటైపోద్ది, ఇచ్చేసి బండి తెచ్చేసుకుందుం” అన్నాడు. మాస్టారు మాత్రం ఊరుకోలేదు. ఇంకోచోట బుక్ చేశారు. నలభై రోజులు ఆగారు. ఆ నలభై రోజులూ అమ్మాయి బస్సులో వెళ్ళింది. బండి అసలు ధరకే వచ్చింది.

ఇందులో గొప్ప తెలివి ఏమీ లేదు. పద్దు పక్కన కారణం రాసి ముద్ర వేయమనడం మన ఆఫీసుల్లో రోజూ చేసిన పనే. రాతలో పెట్టలేని వసూలు సగం అక్కడే రాలిపోతుంది. రశీదు లేని రూపాయికి సాక్షి లేడు.

మిగతా సగానికి ఏం చేయాలి? మొదట తయారీ కంపెనీ వినియోగదారుల విభాగానికి కొటేషన్ నకలుతో రాయండి. రెండోది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, డబ్బు ఖర్చు లేని ఫోను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం మనకు ఒక మేలు చేసింది. బండి విశాఖలో కొన్నా, మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, అంటే శ్రీకాకుళం కమిషన్‌లోనే. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. ఈ పనులన్నిటికీ కావలసింది కాగితాలు. కనుక కొటేషను, రశీదులు, బిల్లు, బీమా పత్రం ఒకే కవరులో పెట్టి, మీ శ్రీమతికి కూడా ఎక్కడుందో చెప్పి వుంచండి.

డీలర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పడం న్యాయం. షోరూం అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ వాళ్ళకూ వున్నాయి. బండి మీద మిగిలేది తక్కువ, బీమా మీద, సామాన్ల మీద మిగిలేదే ఎక్కువ అంటారు. కావచ్చు. మనకు కావలసిన సామాను వాళ్ళ దగ్గర బాగుంటే కొందాం, సర్వీసు మంచిదైతే నలుగురికీ చెబుదాం. మన అభ్యంతరం లాభం మీద కాదు, చెప్పకుండా చేర్చిన పద్దు మీద.

కొందరు మిత్రులు, “నా డబ్బు, నా ఇష్టం. ఆన్ ఇచ్చి ముందు తెచ్చుకుంటే ఎవరికి నష్టం?” అంటారు. మన వాళ్ళే, ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అన్నారు కదా. మన కొమ్ము లేచిందంటే, మూడు నెలల ముందు బుక్ చేసి ఎదురుచూస్తున్న ఎవరిదో వంతు వెనక్కి పోయిందన్నమాట. ఆ ఎవరో మనలాంటి పెన్షనరే కావచ్చు, రేపు మన అబ్బాయే కావచ్చు. రేషను క్యూలో, రైల్వే రిజర్వేషను క్యూలో, ఆస్పత్రి ఓ.పి. క్యూలో మన ముందు ఎవరైనా దూరితే కేకలు వేసేవాళ్ళం, ఇక్కడ మాత్రం డబ్బిచ్చి మనమే దూరడం ఏం న్యాయం?

నిజంగా ఆగలేని అవసరం వుంటుంది. ఇంట్లో వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసిన మనిషి వుంటే మూడు నెలలు ఎలా ఆగుతాం? అప్పుడు కూడా దారి ‘ఆన్’ కాదు. స్టాకులో వున్న ఇంకో మోడలు చూడండి. గిరాకీ లేని మంచి బండ్లు చాలా వున్నాయి, వాటి మీద డీలరే తగ్గింపు ఇస్తాడు. లేదా నమ్మకమైన వాడిన బండి చూడండి. పేరున్న బండి కాకపోతే వచ్చే నష్టం ఏమిటి? పక్కింటివారు ఒకసారి తక్కువ చూస్తారు, అంతే.

ఆలస్యం అమృతం విషం అంటారు. నిదానమే ప్రధానం అనీ అంటారు. బండి కొనుగోలులో రెండో మాటే మనది. ఉద్యోగంలో వున్నప్పుడు మన దగ్గర లేనిది, ఇప్పుడు పుష్కలంగా వున్నది ఒక్కటే, తీరిక. ‘ఆన్’ అంటే తొందరకు కట్టే ధర. తొందర లేనివాడి దగ్గర దాన్ని వసూలు చేయడం ఎవరి తరమూ కాదు.

చివరగా ఒక విన్నపం. మన సభ్యులు ఎవరైనా, వారి పిల్లలైనా బండి కొనదలచుకుంటే, అడ్వాన్సు కట్టకముందే కొటేషన్ నకలు తీసుకుని సంఘం కార్యాలయానికి రండి. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు నేను అక్కడే వుంటాను. ఇద్దరు ముగ్గురం కలిసి పద్దు పద్దూ చూద్దాం. ఎవరు ఎక్కడ, ఎంతకు కొన్నారో ఒక నోటుబుక్కులో రాసి వుంచుదాం, తర్వాత వచ్చేవారికి పనికివస్తుంది.